సముద్రం చూసి రమ్మన్నారు

బచ్చన్నపేట దగ్గర ఒక ప్రభుత్వ బడిలో నేను సైన్స్ చెబుతాను. పన్నెండేళ్లుగా సముద్రం పాఠం చెబుతున్నానే గానీ, సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. ఒకరోజు ఫోన్‌లో ఒక ప్రకటన కనిపించింది. జనంలో సముద్రం మీద ఆసక్తి పెంచే ప్రయాణాలకు ఒక సంస్థ ఖర్చులు పెట్టుకుంటుందట. వెళ్లొచ్చి నలుగురికీ చెప్పాలట. "మా బడి పిల్లలు సముద్రం చూడలేదు, నేనూ చూడలేదు" అని రాసి పంపాను. నన్ను ఎంపిక చేశారు. తోడుగా ఒకరిని తీసుకెళ్లవచ్చన్నారు.

చేనులో పత్తి ఏరుతున్న మా అవ్వకు ఈ సంగతి చెప్పాను. నడుం పైకెత్తి నన్నే చూసింది.

"నువ్వు సముద్రం చూసొస్తె వాళ్లు ఖర్చు పెట్టుకునుడేంది? వాళ్లకేమొస్తది?"

"పిల్లలకు చెప్పాలె అవ్వా."

"రోజూ చెప్తనే ఉన్నవ్ గద!"

నేనూ వంగి, గుప్పెడు పత్తి ఏరి ఆమె ఒడిలో వేశాను.

మా ఆయనకు సెలవు దొరకలేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్క, "నేనొస్త మేడం" అంది. ఆమెది మహబూబాబాద్ దగ్గరి తండా. మిర్చి ఏరడానికి గుంటూరు దాకా కూలికి పోయిందట గానీ, ఆమె కూడా సముద్రం చూడలేదు. ఇద్దరం జనగామలో రైలెక్కి, బాపట్లలో దిగి, పొద్దున్నే సూర్యలంక తీరం చేరుకున్నాం.

ఏమేం గమనించాలో నోటుబుక్కులో రాసుకుని పోయాను. తీరా నీళ్లలో నిలబడగానే పాదాల కింద ఇసుక జారిపోవడం మొదలైంది. ఎదురుగా ఏదీ కదలకుండా లేదు. తల తిరిగి, వెనక్కి పరుగెత్తి పొడి ఇసుకలో కూలబడ్డాను.

అక్క చీర పైకి దోపుకుని మోకాలి లోతుకు పోయింది. ఒక అల కొట్టి పడేసింది. లేచి, నవ్వుతూ "యాడీ!" అని కేక వేసింది. వాళ్ల భాషలో అమ్మా అని. తర్వాత కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూసింది.

తిరుగు రైల్లో అడిగాను. "ఏమనిపించిందక్కా?"

"ఏమో మేడం. జరసేపన్న ఊకుంటలేదు. మనకోసమే ఉరికొచ్చినట్టొస్తది, మల్ల ఎనక్కి పోతది. మీకు భయమైందా?"

"అయింది" అన్నాను. నిజానికి అది భయమో మరొకటో నాకు తెలియలేదు.

సోమవారం తరగతిలో బోర్డు మీద అలల బొమ్మ గీశాను. పిల్లల చూపులు కిటికీల మీద ఉన్నాయి. ఇక లాభం లేదని వంటగది నుంచి అక్కను పిలిచాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి చేతులు పట్టుకోమంది. ముందుకు ఉరికించింది, వెనక్కి లాగింది. నలుగురు కింద పడ్డారు. గది గదంతా నవ్వులే.

"అవతలి ఒడ్డు కనవడ్తదా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"కనవడదు బిడ్డా. ఉన్నదో లేదో నాకు దెల్వది. మేడంనడుగుండ్రి."

అందరూ నావైపు తిరిగారు. ఉందని చెప్పాను. అటు పక్కనున్న దేశాల పేర్లు కూడా చెప్పాను. చెబుతుంటే గుర్తొచ్చింది, అక్కడ నేను తలెత్తి దూరం చూడనేలేదని.

ఆ సంస్థకు రాసే నివేదికలో, ఆసక్తి ఎవరిలో కలిగిందో చెప్పమన్నారు. రెండు రోజులు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. చివరికి నా తల తిరగడం, అక్క కేక, పిల్లలు పడటం, అన్నీ జరిగింది జరిగినట్టు రాసి పంపాను. అందిందని జవాబిచ్చారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

అక్క మాత్రం వారానికోసారైనా అడుగుతోంది. "మల్లెప్పుడు పోదాం మేడం?"

పోదామనే అంటున్నాను. నాకు నిజంగా పోవాలని ఉందో, లేదో, ఇప్పటికీ తేలడం లేదు.