డాక్టరమ్మగారి రెండు కెమెరాలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తెలిసినవాటి కోసం వెతుక్కోవాల్సి వస్తోంది గానీ, తణుకు నుంచి వచ్చి రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరుగా చేరిన కొత్తలో, ఎవరేం అడిగినా జవాబు నా నాలుక చివరే ఉండేది. అడక్కపోయినా చెప్పేవాణ్ణి. అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వస్తున్నాయి. ఆటో డ్రైవర్ల నుంచి మా ప్రిన్సిపాలు వరకూ ప్రతివాళ్లూ ఫోటోలు తీసేస్తుంటే, అందరూ చేసే పని మనమూ చేయడమేంటని నాకో పౌరుషం పుట్టింది. అసలైన ఫోటో అంటే ఫిల్ము మీదే తీయాలని, అదీ రేంజ్‌ఫైండర్ కెమెరాతోనే తీయాలని ఇంటర్నెట్‌లో ఎవరెవరో రాసినవి చదివి తీర్మానించుకున్నాను. (రేంజ్‌ఫైండర్ కెమెరాని అప్పటికి నేను కళ్లతో చూసి ఎరగను. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.)

నేను ఉండేది మా పెద్దమ్మ ఇంట్లో. ఆవిడ రోజూ పొద్దున్నే నలుగురైదుగురు స్నేహితురాళ్లతో గోదావరి గట్టు మీద నడకకి వెళ్లేది. నా కెమెరా గోల ఆవిడ ద్వారా గట్టు దాకా వెళ్లింది. ఆ బృందంలో డాక్టరమ్మగారని ఒకావిడ ఉండేవారు. ఆవిడ డాక్టరు కారు, డాక్టరుగారి భార్య. ఆయన పోయి అప్పటికి రెండేళ్లయింది. "మా ఆయనవి అలాంటివి రెండున్నాయమ్మా, బీరువాలో పడున్నాయి. అబ్బాయిని ఓసారి రమ్మను" అన్నారట. ఆ సాయంత్రమే వాళ్లింట్లో వాలిపోయాను.

రెండు కెమెరాలనీ టీపాయ్ మీద పక్కపక్కన పెట్టారు. ఒకటి పాత మోడలు. బరువు ఇత్తడి చెంబంత. బ్యాటరీ లేదు, వెలుతురు చూపించే సూది లేదు, దీపం లేదు. వెలుతురు ఎంత ఉందో మనమే అంచనా వేసుకుని అన్నీ చేత్తో తిప్పుకోవాలి. రెండోది అదే కంపెనీ వాళ్లు చాలా ఏళ్ల తర్వాత తెచ్చిన కొత్త మోడలు. వెలుతురు అదే కొలుచుకుంటుంది. చాలకపోతే, మనం కన్ను పెట్టి చూసే కిటికీలో ఎర్ర దీపం వెలుగుతుంది. ఈ రకం కెమెరాల్లో మనం చూసేది లెన్సులోంచి కాదు, పైనున్న ఆ చిన్న కిటికీలోంచి. అందులో మనిషి బొమ్మ రెండుగా కనిపిస్తుంది. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేదాకా లెన్సు చుట్టూ ఉన్న కంకణం తిప్పాలి. నేను తిప్పాను. డాక్టరమ్మగారు ఇద్దరుగా ఉన్నవారు ఒక్కరయ్యారు. ఒళ్లు జలదరించింది.

"ఒకటి నువ్వు తీసుకో బాబూ. రెండోది ఆయన గుర్తుగా నా దగ్గరుంటుంది. ఏది కావాలో నువ్వే తేల్చుకో. తొందరేం లేదు, రెండూ పట్టుకెళ్లి వాడి చూడు" అన్నారు ఆవిడ.

నేను తేల్చుకోవడం మొదలుపెట్టాను. పాపం మా పెద్దమ్మ. వంటింట్లో కూర తరుగుతుంటే వెళ్లి, పాతదాంట్లో మనిషి బుద్ధికి పని ఉంటుందనీ, కొత్తది మనల్ని సోమరిపోతుల్ని చేస్తుందనీ చెప్పేవాణ్ణి. మర్నాటికి మనసు మారి, వెలుతురు కొలవడం యంత్రం చేస్తే మనం బొమ్మ మీద దృష్టి పెట్టవచ్చు కదా అనేవాణ్ణి. "ఏదో ఒకటి తీసేసుకోరా, పెళ్లికూతుర్ని ఎంచుకున్నట్టు ఇంత ఆలోచనేంటి" అని ఆవిడ విసుక్కుని, ఎందుకో నాలుక కరుచుకుంది. ఆ కరుచుకోవడం నేను గమనించలేదు. గమనించడం నా ధోరణి కాదు. చివరికి పాతదే అని ఖాయం చేసుకున్నాను. బ్యాటరీ మీద ఆధారపడిన కెమెరా కెమెరానే కాదని మా స్టాఫ్ రూములో ప్రకటించాను కూడా.

సరిగ్గా అప్పుడే కార్తీకమాసం వచ్చింది. నడక బృందం కడియంలో ఎవరిదో మామిడితోటలో వనభోజనాలు పెట్టుకుంది. ఫోటోలు తీసే బాధ్యత నాది. "రెండు కెమెరాలూ పట్టుకెళ్లరా, ఒకటి కాకపోతే ఒకటి" అంది పెద్దమ్మ. "అక్కర్లేదు పెద్దమ్మా, పాతది చాలు" అన్నాను. ఇంకో సంగతి ఆవిడ నాకు చెప్పలేదు. ఆ బృందంలో ధవళేశ్వరం నుంచి వచ్చే లెక్కల టీచరుగారు ఒకరున్నారు. ఆవిడకి పెళ్లికెదిగిన కూతురుంది. అల్లుడిగా పనికొస్తానో లేదో దగ్గర్నుంచి చూడటానికి ఆ రోజు ఆవిడ వస్తున్నారు. అంటే ఆ తోటలో నేను కెమెరాని పరీక్షిస్తున్నాననుకుంటుంటే, పరీక్ష జరుగుతున్నది నాకు.

తోటలో నేను చెలరేగిపోయాను. ముందు మూత తీసి లెన్సు అందరికీ చూపించి, కాంతి గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఇంతలో పులిహోర పోపు పొగ ఇటు తిరిగితే, లెన్సుకి పట్టేస్తుందని జాగ్రత్తగా మూత పెట్టేశాను. భోజనాలయ్యాక ఆడవాళ్లంతా పట్టుచీరలు సర్దుకుని ఉసిరిచెట్టు ముందు నిలబడ్డారు. నేను ఆకాశం కేసి చూసి, కళ్లు చికిలించి, వెలుతురు అంచనా వేసి, కంకణం తిప్పి, "కదలకండి! ఊపిరి బిగబట్టండి!" అంటూ ఒకటి తర్వాత ఒకటి తీశాను. కూర్చోబెట్టి తీశాను, విడివిడిగా తీశాను, డాక్టరమ్మగారినీ మా పెద్దమ్మనీ చెట్టు చుట్టూ నడిపించి తీశాను. రీలు మొత్తం అయిపోయింది. కిటికీలో అన్నీ అద్భుతంగా కనిపించాయి. టీచరుగారు మాత్రం ప్రతి ఫోటోకీ నా చేతిలోని కెమెరా కేసి తీక్షణంగా చూశారు. నా పనితనానికి ముగ్ధులయ్యారనుకున్నాను.

దేవీచౌక్ దగ్గర స్టూడియోలో రీలు ఇచ్చి, మర్నాడు కాలేజీ అవగానే వెళ్లాను. స్టూడియో ఆయన నెగెటివ్‌ని ట్యూబులైటుకి అడ్డంగా పట్టుకుని అటు నుంచి నా మొహం చూశాడు. నాకూ ఆయన మొహం స్పష్టంగా కనిపించింది.

"ఏంటండీ ఇది?"

"ఆయ్, ఏం లేదండి."

"ఏం లేకపోవడమేంటండీ?"

"అదేనండి. ఏం లేదండి ఇందులో. మూత తీశారా అండి?"

పొగ, పోపు, జాగ్రత్తగా మూత పెట్టిన నా చెయ్యి, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. చూసేది లెన్సులోంచి కాదు గనక, ముందున్న మూత నాకు కనిపించే అవకాశమే లేదు. కొత్త మోడలైతే చీకటి చూసి ఎర్ర దీపం వెలిగించి గోల పెట్టేది. పాతది, పాపం, పెద్దమనిషి. ఏమీ అనలేదు.

మర్నాడు ఆదివారం. డాక్టరమ్మగారింట్లో అందరూ ఫోటోల కోసం కాఫీలు కలుపుకుని కూర్చున్నారు. పాత కెమెరా చేత్తో పట్టుకుని, తలుపు దగ్గరే నిలబడి జరిగింది చెప్పేశాను. మా పెద్దమ్మ మొహం చూస్తే జాలేసింది. (సంబంధం గోదాట్లో కలిసిందని ఆవిడ బాధ. నాకు తెలియదు కదా, పట్టుచీర ఫోటో పోయిందని బాధపడుతోందనుకున్నాను.) అప్పుడు లెక్కల టీచరుగారు గొంతు సవరించుకున్నారు.

"నాకు కనపడిందండి. నల్లగా మూత, మధ్యలో తెల్లక్షరాలు కూడా ఉన్నాయి."

"మరి చెప్పలేదేంటండీ?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

"మీరు ఫిజిక్సు మాస్టారు కదండీ. పాత కెమెరాల్లో మూతలోంచే తీస్తారేమో, మధ్యలో అడిగితే చిన్నబుచ్చుకుంటారేమో అని ఊరుకున్నానండి."

అందరూ నా మొహం కేసి చూశారు. తర్వాత డాక్టరమ్మగారు నవ్వడం మొదలుపెట్టారు. మామూలు నవ్వు కాదు, పమిట చెంగు కళ్లకి అద్దుకునే నవ్వు. "మా పెళ్లైన కొత్తలో అంతర్వేది వెళ్లాం బాబూ. రోజంతా నన్ను ఎండలో నిలబెట్టి రీలంతా తీశారు ఆయన, ఈ కెమెరాతోనే, మూతతోనే. ఒక్క ఫోటో లేదు మాకు అంతర్వేదిది. ఆ తర్వాత ఎన్నాళ్లు దెప్పానో! పడలేకే ఆ దీపం వెలిగేది కొన్నారు." నవ్వు ఆగాక ఆ పాత కెమెరాని నా చేతిలోంచి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. మెల్లగా అన్నారు, "నువ్వు పాతదే మంచిదని అందరికీ చెప్తుంటే, ఇదే అడుగుతావేమోనని నాకు లోపల ఒకటే గుబులుగా ఉండేది. ఏది కావాలంటే అది తీసుకోమన్నాను కదా, మళ్లీ మాట మార్చడం బాగుండదని..."

పాత మోడలు మీద నేను చేసిన ప్రసంగాలన్నీ, ఆవిడ ఎదుట చేసినవి కూడా, ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆవిడ ప్రతిసారీ తల ఊపుతూ విన్నారు. "నాకు కొత్తదే కావాలండీ" అన్నాను. ఆ కెమెరాల విషయంలో నేను ఆలోచించకుండా చెప్పిన మాట అదొక్కటే, సరైనదీ అదొక్కటే.

తర్వాతి ఆదివారం కొత్త కెమెరాతో, డాక్టరమ్మగారి వీధరుగు మీద మళ్లీ అందరినీ నిలబెట్టాను. ఈసారి టీచరుగారితో వాళ్లమ్మాయి వచ్చింది. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు. అందరూ సర్దుకుని నిలబడ్డాక, ఆ అమ్మాయి నా పక్కకి వచ్చి, మెడ వంచి కెమెరా ముందువైపు చూసి, "ఆ, తీయొచ్చండి" అని వెళ్లి వాళ్లమ్మ పక్కన నిలబడింది. ప్రతి ఫోటోకీ అదే తంతు. ఒక్కటంటే ఒక్కటి కూడా పాడవలేదు. అందులో డాక్టరమ్మగారు నవ్వుతున్నది పెద్దది చేయించి ఇస్తే, ముందుగదిలో పెట్టుకున్నారు.

సంబంధం కుదిరింది. టీచరుగారు ఎందుకు ఒప్పుకున్నారో పెళ్లయ్యాక పెద్దమ్మ చెప్పింది. "ముక్కు కిందున్న మూతే కనపడనివాడు మా అమ్మాయి వంటలో ఉప్పు తక్కువైందని ఏం కనిపెడతాడండీ, దాని బతుకు హాయిగా వెళ్లిపోతుంది" అన్నారట. ఆవిడ లెక్క తప్పలేదు.

ఈ మధ్య మా కాలేజీలో కెమిస్ట్రీకి కొత్త లెక్చరరు చేరాడు. ఫిల్ము మళ్లీ ఫ్యాషనైందట. క్యాంటీనులో నా ఎదురుగా కూర్చుని, పాత మోడలు ఎందుకు గొప్పదో, కొత్తది మనిషిని ఎలా చెడగొడుతుందో, గంటకి పైగా చెప్పాడు. నాకు ఫిల్ము కెమెరాలంటే ఏంటో తెలుసా అని అడగలేదు. తెలుసని నేనూ చెప్పలేదు. టీ చల్లారిపోయింది. గంట కొట్టారు. వాడు చేతులు తిప్పుతూ, కళ్లు మెరిపిస్తూ చెబుతూనే ఉన్నాడు. ఎంత బాగా చెప్పాడో! క్లాసుకి ఆలస్యమైనా, వాణ్ణి ఆపబుద్ధి కాలేదు.