సార్ ఎత్తుకి బిగించిన సీటు

సీటు ముందుకి జరగడం మొదలైనప్పుడు డాష్‌బోర్డు మీద టైము మూడుంపావు. మధ్యాహ్నం. ఎండ బాగా కాస్తోంది. కాలవ గట్టు మీద సన్నటి తారు రోడ్డు, ఎడమ పక్క నిండుగా పారుతున్న కాలవ. బండిలో నేనూ, వెనక సీట్లో నా ఇద్దరు పిల్లలూ.

ముందు నా వీపు వెనక పెట్టుకున్న దిండు జారుతోందనుకున్నాను. తర్వాత స్టీరింగ్ నా పొట్టకి దగ్గరవుతోందని తెలిసింది. సన్నగా మోటారు తిరుగుతున్న చప్పుడు. అప్పుడే వెనక నుంచి మా జోయెల్ సంతోషంగా అన్నాడు. "అమ్మా, నాకు కాళ్ళు చాపుకోవడానికి చోటొచ్చింది!"

అంటే జరుగుతున్నది సీటే. కానీ ఆ సీటు కదలడానికి వీల్లేదు. దాని మోటారుకి వెళ్ళే వైరు ముందు రోజే పీకేశారు.

నేను దెయ్యాల్ని ఎప్పుడూ నమ్మలేదు. మాది ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే క్రైస్తవ కుటుంబం. చిన్నప్పుడు దెయ్యం కథ ఎత్తితే అమ్మ మూతి మీద ఒక్కటి వేసేది. నాకు భయాలు లేవని కాదు. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషిని. చిన్నదాని ఒళ్ళు కాస్త వెచ్చబడితే ఆ రాత్రి నాకు నిద్ర ఉండదు. అయితే నా భయాలన్నీ కళ్ళకి కనపడేవాటి గురించే.

ఇప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నేను చేసిన తప్పుతో సహా. ఆ తప్పు తీసేస్తే ఇది చర్చిలో లేచి చెప్పే మంచి సాక్ష్యంలా ఉంటుంది. ఒకసారి అలా తీసేసి చెప్పాను కూడా. అందుకే పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను.

ఈ ఏడాది వానాకాలంలో మా ఆయన సెకండ్ హ్యాండ్‌లో ఒక పెద్ద బండి కొన్నారు. కంపెనీ పేరు రాయను. కొత్తది మేము కొనలేం. హైదరాబాదులో ఒక కుటుంబం నాలుగేళ్ళు వాడి, డీలరుకి ఇచ్చేసిన బండి. నల్లగా, ఎత్తుగా ఉంటుంది. మా ఆయన చేపల మేత వ్యాపారం చేస్తారు. నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ దగ్గర పని చేస్తాను. ఆరేళ్ళుగా నా చిన్న కారు నేనే నడుపుకుంటున్నాను.

పెద్ద బండ్లు పాతవి కొంటే పని కూడా కొనుక్కున్నట్టే అని ఆటోనగర్‌లో మా మెకానిక్ కరీముల్లా గారు మొదటి రోజే చెప్పారు. ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. బండి ఆగే పని అయ్యాకే బండి పరిగెత్తే పని. ముందు బ్రేకులు, టైర్లు, తర్వాతే ఇంజిను. కానీ లాప్‌టాప్ పెట్టి ఇంజిను ట్యూనింగ్ చేసే మనిషి హైదరాబాదు నుంచి ఆ వారమే వస్తున్నాడని, మా ఆయన బతిమాలి ముందు ట్యూనింగే చేయించారు. దాంతో కాలు ఆనిస్తే చాలు, బండి ఎగిరి దూకుతోంది.

బ్రేకుల పని మిగిలిపోయింది. వెనక చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్ వెళ్ళే రబ్బరు గొట్టం పగిలి, తడి కనిపిస్తోందన్నారు. కొత్త గొట్టం చెన్నై నుంచి మంగళవారం వస్తుందన్నారు. అప్పటిదాకా బండి షెడ్డులోనే ఉంచమన్నారు.

ఇంకొక చిన్న గొడవ సీటుది. ఈ బండిలో సీటు ఎవరికి ఎంత దూరం కావాలో గుర్తుపెట్టుకుంటుంది. రెండో తాళంతో తెరిస్తే డ్రైవరు సీటు తనంతట తనే బాగా ముందుకొచ్చి, స్టీరింగ్‌కి ఆనుకునేంత దగ్గరగా ఆగేది. మొదటిసారి చూసినప్పుడు కెవ్వున అరిచాను. పాత ఓనరమ్మ పొట్టిగా ఉండేదేమో, ఆ కొలత ఆ తాళంలో ఉండిపోయిందని కరీముల్లా గారు నవ్వారు. రెండుసార్లు చెరిపేసినా మళ్ళీ అదే కొలతకి వచ్చేది. ఇంతవరకూ వింత ఏమీ లేదు. మిషన్లకి ఇలాంటివి మామూలే.

ఆ ఆదివారం మా పుట్టింటి ఊళ్ళో చర్చి వార్షికోత్సవం. కూచిపూడి దాటి కొంచెం లోపలికి వెళ్ళాలి. మా వైపు కొత్త బండి కొంటే పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. ఆ ప్రార్థన మా ఊళ్ళో, అందరి ముందూ జరగాలని నాకు కోరిక. దానికి కారణం మా పెదనాన్న కూతురు సలోమక్క. పోయినేడు నా కారు షెడ్డులో ఉంటే ఆటోలో వెళ్ళాను. ఆటో దిగుతుంటే అక్క గుమ్మంలో నిలబడి, "ఏమే, విజయవాడ నుంచి ఒళ్ళో కూర్చునే వచ్చావా, నీకూ సీటిచ్చారా?" అంది. ఇరవైమంది నవ్వారు. అక్క మనసులో ఏమీ ఉండదు, నోరే అంత. కానీ ఆ మాట నాలో ఏడాదంతా కూర్చుంది.

శనివారం పొద్దున కరీముల్లా గారికి ఫోన్ చేశాను. మా ఆయన కైకలూరులో చెరువుల దగ్గర ఉన్నారు.

"సార్ బండి తెమ్మన్నారండి, రేపు ప్రార్థన ఉంది" అన్నాను.

"గొట్టం రాలేదు కదండీ. సార్‌తో ఒకసారి మాట్లాడతాను."

"ఆయన పనిలో ఉన్నారు కరీముల్లా గారూ. ఆయనే నడుపుతారు, మెల్లగా."

ఆయన కాస్త నసిగారు. తర్వాత సరే అన్నారు. సీటు మళ్ళీ మీదకొచ్చి సార్‌ని ఇబ్బంది పెట్టకుండా, మా ఆయన ఎత్తుకి సీటు వెనక్కి జరిపి, కింద మోటారు వైరు పీకి, టేపు చుట్టి, తాడుతో పక్కకి కట్టేసి బండి ఇంటికి పంపారు. మా ఆయన ఆరడుగులు. నేను ఐదడుగులా ఒక అంగుళం.

బండి నేనే తీసుకెళ్తానంటే, సాయంత్రం మా ఆయన ఫోన్లో అడిగారు. "కరీముల్లా ఓకే అన్నాడా?"

"అన్నీ అయిపోయాయన్నారు" అన్నాను.

ఒకే రోజు ఇద్దరికి రెండు అబద్ధాలు. రెండూ తడుముకోకుండా వచ్చేశాయి.

ఆదివారం పొద్దున పిల్లలకి బూట్లు తొడుగుతుంటే కరీముల్లా గారు మళ్ళీ ఫోన్ చేశారు. "మేడం, నాకు మనసొప్పడం లేదండి. సార్‌ని ఊరు దాటనివ్వకండి. గొట్టం ఎప్పుడైనా తెగొచ్చు" అన్నారు. సరేనండి అని పెట్టేశాను. సోఫాలో దిండు తీసుకుని వీపు వెనక పెట్టుకుంటే కాలు బ్రేకుకి అందింది. అందుతోంది కదా, చాలనుకున్నాను.

వెళ్ళేటప్పుడు ఏమీ కాలేదు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, అన్నీ హాయిగా దాటేశాం. ఆరాధన అయ్యాక పాస్టరు గారు ప్రార్థన చేశారు. సలోమక్క బండి చుట్టూ తిరిగి, "ఇదేంటే, ఎక్కడానికి నిచ్చెన కావాలా?" అంది. మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి ఆ నవ్వు నాకు తియ్యగా ఉంది.

భోజనాలయ్యాక బయలుదేరాం. గట్టు రోడ్డు ఒకచోట తిన్నగా వెళ్ళి, వంతెన దగ్గర ఒక్కసారిగా కుడికి తిరుగుతుంది. వంతెనకి ఇంకా వంద గజాలుందనగా సీటు జరగడం మొదలైంది.

జోయెల్ మాట విన్నాక నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే. బండి ఆపాలి, పిల్లల్ని దించాలి. బ్రేకు తొక్కాను. కాలి కింద ఏమీ లేదు. పెడల్ బురదలో దిగినట్టు దిగిపోయింది. ఈలోగా సీటు నన్ను ఇంకా ముందుకి నెట్టింది. మోకాళ్ళు డాష్‌బోర్డు కింద తగిలాయి. బలమంతా పెట్టి పెడల్ని ఇంకా కిందికి తొక్కిపట్టాను. చిట్టచివర, నేలకి అంగుళం పైన, ఏదో పట్టుకుంది. బండి గర్రుమంటూ ఈడ్చుకుంటూ వెళ్ళి ఆగింది.

ముందు ఎడమ చక్రం గట్టు అంచున గడ్డి మీద ఉంది. అద్దంలోంచి నాకు నీళ్ళే కనిపించాయి.

పిల్లల్ని కుడివైపు నుంచి దించాను. గడ్డి కోస్తున్న ఒకాయన కొడవలి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఏమ్మా, రోడ్డు కనపళ్ళేదా? పిల్లల్నేసుకుని ఏందా తోలడం?" అని కేకలేశాడు. అంతలో చక్రం చూశాడు. కొడవలి కింద పడేశాడు. చిన్నది షారోన్‌ని ఎత్తుకుని చెట్టు నీడకి తీసుకెళ్ళాడు.

సాయంత్రానికి కరీముల్లా గారు బండిని లాక్కెళ్ళే వ్యాన్‌తో వచ్చారు. దిగుతూనే, "సార్ ఎక్కడండీ? సార్‌కి ఏం కాలేదు కదా?" అన్నారు.

"నేనే నడిపానండి" అన్నాను.

ఆయన నన్ను చూశారు, తర్వాత పిల్లల్ని చూశారు. నేరుగా వెనక చక్రం దగ్గరకి వెళ్ళి వంగారు. తిట్టి ఉంటే బాగుండేది.

వెనక గొట్టం పూర్తిగా తెగిపోయింది. ముందు చక్రాల బ్రేకు మాత్రమే మిగిలింది, అది పెడల్ బాగా కిందికి వెళ్తేగానీ పట్టదు. తర్వాత ఆయన ఫోన్ లైటు వేసి సీటు కింద చూశారు. చాలాసేపు చూశారు. నన్నూ చూడమన్నారు. వైరు పీకి ఉంది. చుట్టిన నల్ల టేపు అలాగే ఉంది. పక్కకి కట్టిన తాడు ముడి కూడా అలాగే ఉంది. సీటు మాత్రం చివరిదాకా ముందుకొచ్చి ఉంది, రెండో తాళంతో వచ్చే ఆ పాత కొలతకే. ఆ రోజు నా దగ్గర ఉన్నది మొదటి తాళం.

"నేను కట్టినట్టే ఉందండి" అన్నారు. అంతకుమించి ఆయన ఈరోజుకీ ఏమీ చెప్పలేదు.

బండి బాగయ్యాక ఒకరోజు షెడ్డుకి వెళ్ళి, సీటు మా ఆయన ఎత్తుకి జరిపించి, అదే దిండు పెట్టుకుని కూర్చున్నాను. బ్రేకు పక్కన కాలు చాపి చూస్తే, ఆ రోజు పెడల్ దిగిన దూరంలో సగం దాకే అందింది. ఎంత సాగినా నేలని తాకలేదు. సార్ నడుపుతారని నేను చెప్పకపోయి ఉంటే, కరీముల్లా గారు ఆ సీటు అంత వెనక బిగించేవారే కాదు.

మా ఆయన డీలరుకి ఫోన్ చేసి పాత ఓనరమ్మ గురించి అడిగారు. ఎవరైనా పోయారేమోనని నేను పక్కనే కూర్చుని విన్నాను. ఆవిడ నిక్షేపంగా ఉన్నారు. ఇంకో బండి కొనుక్కుని నడుపుకుంటున్నారు. ఆ బండిలో ఎవరూ చనిపోలేదు. కాబట్టి ఏ ఆత్మ పేరూ చెప్పుకునే వీలు నాకు లేదు. వైరు లేకుండా మోటారు ఎలా తిరిగిందో ఇద్దరు ఎలక్ట్రీషియన్లని అడిగాను. తిరగదమ్మా అన్నారు ఇద్దరూ. నాకు ఇప్పటికీ తెలియదు.

కానీ నన్ను పట్టి పీడిస్తున్నది సీటు కాదు. ఆ రోజు సాయంత్రం జరిగింది.

బండిని పంపేశాక పిల్లలతో మా ఊరికే తిరిగి వెళ్తే, మా అమ్మావాళ్ళింట్లో అందరూ చేరారు. పాస్టరు గారు స్తుతి ప్రార్థన పెట్టారు. నన్ను లేచి సాక్ష్యం చెప్పమన్నారు. లేచాను. సీటు సంగతి చెప్పాను, నీళ్ళ సంగతి చెప్పాను, దేవుడే కాపాడాడని చెప్పాను. గొట్టం సంగతి ముందే తెలుసని చెప్పలేదు. ఫోన్ సంగతి చెప్పలేదు. అందరూ కళ్ళు తుడుచుకుంటూ స్తోత్రం అన్నారు. కైకలూరు నుంచి మా ఆయన ఫోన్లో వింటున్నారు. పని పూర్తి చేయకుండా చేశానని చెప్పాడంటూ కరీముల్లాని నాలుగు మాటలన్నారు. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు.

ప్రార్థన అయ్యాక సలోమక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి ఏడ్చింది. "బండి చూసి ఒక్క క్షణం కుళ్ళుకున్నానే. నా కళ్ళే తగిలాయి. నీ పిల్లలకి ఏమన్నా అయితే నేనెలా బతికేదాన్ని?" అంది. ఊరుకో అక్కా అన్నాను. అంతే అన్నాను. నా తప్పు ఆమె మోసుకెళ్తుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ రాత్రి పిల్లలిద్దరి మధ్య పడుకున్నాను. తెల్లవారాక జోయెల్ వాళ్ళ అమ్మమ్మకి గొప్పగా చెబుతున్నాడు, సీటుని దేవదూత నెట్టాడని. నా దగ్గరకొచ్చి అడిగాడు. "అమ్మా, ఇంక మనకి ఎప్పుడూ ఏమీ కాదు కదా? బండి పాడైనా దేవదూత నెడతాడు కదా?"

వాడికి ఏడేళ్ళు. ఆ మాట నిజంగా నమ్ముతున్నాడు. వాడి చెల్లెలు నోట్లో ఇడ్లీ పెట్టుకుని తల ఊపుతోంది.

ఇద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టుకున్నాను. "సీటుని ఎవరు నెట్టారో అమ్మకి తెలీదు నాన్నా" అన్నాను. "కానీ బండి బాగాలేదని అమ్మకి తెలుసు. మెకానిక్ అంకుల్ ఫోన్ చేసి వెళ్ళొద్దన్నారు. అందరికీ చూపించుకోవాలని నేనే మిమ్మల్ని ఎక్కించాను. నాన్నకీ, అంకుల్‌కీ అబద్ధం చెప్పాను. అంకుల్ తప్పేం లేదు. సలోమి పెద్దమ్మ తప్పేం లేదు. ఇప్పుడు నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్తాను. తర్వాత పెద్దమ్మ ఇంటికి వెళ్దాం. చెప్పేటప్పుడు మీరిద్దరూ నా పక్కనే కూర్చోండి" అన్నాను.