నిలువు చార

టి. నగర్ అపార్ట్‌మెంట్లో కార్లు తుడిచే చెంగమ్మ, ఎండపడితే చారలు తేలతాయని పొద్దున్నే లోపలి అద్దాలు ముగిస్తుంది. తడిగుడ్డ, తర్వాత పాత వేష్టి పంచె ముక్క. ఎప్పుడూ పైనుంచి కిందికి, నిలువుగానే. తలనూనె మరకలు కనబడితే పళ్లు కొరుకుతుంది.

ఇవాళ తన కారు వంతు రాకముందే మూడో అంతస్తు వెంకట్రామ్ అందరి ముందూ అరిచాడు. "ఏం తుడిచినావు? అద్దమంతా చారలే!"

చెంగమ్మ వంగి చూసింది. "నేను నిలువుగా తుడుస్తా సార్. ఈడ గుండ్రంగా ఉండాది. నిన్న వానకు అద్దం మసకబారితే మీరే అరచేత్తో రుద్దినారు."

"సరేలే, మళ్లీ తుడువు," అన్నాడతను ఫోన్ చూసుకుంటూ.

తుడిచింది. అద్దం తళతళలాడింది. అప్పుడు మురికి బకెట్లో వేలు ముంచి, అద్దం మీద పైనుంచి కిందిదాకా లాగింది.

"ఈ చార మాత్రం నాదే సార్," అని కారు తలుపు ధడాలున వేసింది.