తాలు మాట

కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో కూర్చుంటే, ఊరు రాకముందే మిల్లుల్లో వడ్లు ఉడికే వాసన కిటికీలోంచి లోపలికొస్తుంది. పక్కవాళ్లకు అది ఆకలి పుట్టిస్తుందేమో గాని నాకు మాత్రం ఈ వయసులో అలసటే తెస్తుంది. దాని వెంటే మా నాయనమ్మ చాట, ఆ చాటలోంచి ఎగిరిపోయే తాలు, చివరికి మా చిన్నమ్మ ముఖం వరసగా వచ్చి కూర్చుంటాయి.

మోతె దగ్గర మా ఊళ్లో, ఎండాకాలం పొద్దున్నే, తొక్కుకు కోసిన మామిడికాయల పులుపు, ఆవపిండి ఘాటు ఇల్లంతా అలుముకుని ఉండగా, నాయనమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని విత్తనం వడ్లు చెరిగేది. తాలు చూడటానికి వడ్లగింజే, గోటితో నొక్కితే లోపల ఏమీ ఉండదు. మాటల్లో కూడా తాలుంటుందని ఆమె గట్టి నమ్మకం. బీడీ మానమంటే మా బాబాయి "అన్న తాగుతలేడా?" అనేవాడు. "తాలు. ఆడు తాగితే నీ దగ్గు తగ్గుతదా?" అనేది చాట ఆపకుండానే. ఊరంతా కొడుతున్నారని నాన్న పురుగుమందు డబ్బా తెస్తే, "ఊరికి పట్టిన పురుగే మన పొలానికి పట్టిందా? సూసి వచ్చినవా?" అనేది. మేం పిల్లలం జేబుల నిండా పుట్నాలు పోసుకుని అరుగు కింద కూర్చుని, పెద్దవాళ్ల మాటల్లో ఏది తాలో ముందు ఎవరు పట్టుకుంటారా అని పందెం వేసుకునేవాళ్లం. ఆ ఆటలో ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు బాబాయి పెళ్లయింది, చిన్నమ్మ కోదాడ అవతలి నుంచి వచ్చింది. ఆ ఎండాకాలమే మా బోరు ఎండింది. నాయనమ్మ హాలియాలో కూతురి పురిటికి పోయి ఉంది. పొద్దున మోటరు గాలి తప్ప నీళ్లు పొయ్యలేదు. "స్విచ్ ఎవరేసిన్రు?" అని నాన్న అడిగితే, అందరికంటే ముందు నేనే, "చిన్నమ్మ ఏసింది, నేను సూసిన" అన్నాను. అబద్ధం కాదు. ఆ నిజం చాలు వాళ్లకు. గీ పిల్ల కాలు పెట్టింది, బోరు ఖతమైంది అన్నారు. "నేను స్విచ్ వేశానంతే బావగారూ" అని చిన్నమ్మ మెల్లగా అన్నది ఎవరికీ వినపడలేదు. వానలు పడేదాకా పుట్టింట్లో ఉండమని మర్నాడు బస్సెక్కించారు. బాబాయి బీడీ వెలిగించుకుని పొలం వైపు పోయాడు.

నాలుగు రోజులకు, సంగతంతా దారిలోనే విని వచ్చిన నాయనమ్మ చేతిలో సంచి కింద పెట్టకుండానే అడిగింది.

"మన పక్కపొంటి ఐదు బోర్లు ఎండినయ్. ఐదిండ్లకు కొత్త కోడళ్లొచ్చిన్రా?"

నా వైపు తిరిగి, "నువ్వు సూసింది నిజమే బిడ్డా. దానికి వీళ్లు అతికించిందే తాలు" అంది. అదే సంచితో కోదాడ బస్సెక్కి చిన్నమ్మను తీసుకొచ్చింది. చిన్నమ్మ వచ్చింది, వానలకు బోరు కూడా మళ్లీ పోసింది గాని, జుట్టు నెరిసేదాకా ఆ ఇంట్లోనే కాపురం చేసినా, మోటరు స్విచ్ మాత్రం మళ్లీ ముట్టలేదు. బిందెలు ముందేసుకుని ఎవరో ఒకరు వచ్చి వేసేదాకా నిలబడేది. అట్లా నిలబడ్డప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధయ్యేది కాదు.

ఇప్పుడు సూర్యాపేటలో మా ఇంటికి బియ్యం రాయి రప్ప లేకుండా సంచుల్లో వస్తాయి. చాట లేదు. మా చుట్టాల ఫోన్ గ్రూపులో పొద్దస్తమానం తాలే పారుతుంటుంది, ఒక్కదానికీ జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

పోయిన వారం మా బోరు కూడా గాలి పోసింది. కొడుకు పెళ్లయి ఐదు నెలలు. కోడలు స్విచ్ మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. "ఈ పిల్ల వచ్చినంకనే..." అన్నది నా నోరే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆమె చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"తాలు" అన్నాను వెంటనే.

"అంటే ఏంది అత్తమ్మా?"

ఆ పిల్ల ఆ మాట ఎన్నడూ వినలేదు.

"లోపల గింజ లేనిది, బిడ్డా. ఇప్పుడు నేనన్న మాట."

సరేనని తలూపింది. మర్నాడు పొద్దున వంటింట్లో స్విచ్ పక్కన్నుంచే, "అత్తమ్మా, జర మోటరు ఏస్తరా?" అని పిలిచింది.