బాపు ఎత్తు బంగారం

"కదలకు అక్కా, కదిలితె కాంట నిలవది!" అని సేటు మొత్తుకుంటాండు. కదిలేది అమ్మ కాదు, నా బిడ్డ. అమ్మ ఆ పెద్ద కాంట పల్లెంల కాళ్లు ముడుసుకోని కూసున్నది, ఒళ్లె నా బిడ్డను కూసోపెట్టుకున్నది. పోరికి రెండేండ్లు గూడ నిండలే, ఇనుప గొలుసులు పట్టుకోని ఇదేదో ఊయల అనుకోని ఊపుతాంది. ఇంకో పల్లెంల సేటు పనోళ్లు బెల్లం ముద్దలు పేరుస్తాండ్రు. నేనేమో అమ్మ చెప్పులు ఒక చేతిల, బిడ్డ చెప్పులు ఇంకో చేతిల పట్టుకోని, మెడ మీద వాలే ఈగలను భుజంతోటి తోలుకుంట నిలవడ్డ.

"మొక్కు ఎవరిదక్కా? నీదా, పిల్లదా? ఇద్దరు ఎక్కి కూసుంటె నేనేమని తూచాలె?" అన్నడు సేటు.

"మా ఆయినది."

"మరి ఆయిన్నె తోల్కరాకపోయినవ్?"

"ఆయిన రాడు. నువ్వు బెల్లం పెట్టు" అన్నది అమ్మ. సేటు నా మొఖం చూసిండు. నేను చెప్పుల దిక్కు చూసిన.

మా దిక్కు బంగారం అంటె బెల్లం. అంటె ఎప్పుడూ కాదు, మేడారం సమ్మక్క జాతర వచ్చినప్పుడు. రెండేండ్లకోసారి మాఘమాసంల జాతర పడ్తది. పిల్లలకు జరమొచ్చినా, కాన్పు కష్టమైనా, ఎడ్లు తప్పిపోయినా, "తల్లీ, ఇది గట్టెక్కిస్తె నిలువెత్తు బంగారం ఇచ్చుకుంట" అని మొక్కుతరు. ఇగ జాతర రాంగనె ఆ మనిషిని కాంట మీద కూసోపెట్టి, మనిషెంత ఉంటె అంత బెల్లం తూచి తీస్కపోయి ఆ తల్లి గద్దె కాడ పెడ్తరు. తెలివిగల్లోళ్లు పిల్లలు చిన్నగున్నప్పుడే తూపిచ్చుకుంటరు. మా బాపమ్మకు ఆ తెలివి లేకపాయె. బాపంటె మా నాయిన, బాపమ్మంటె నాయిన తల్లి. ఆమె మొక్కింది నా మీద కాదు, నిండు మనిషి, బస్తాలు మోసే మా బాపు మీద.

మా బాపు ఇక్కడనే, వరంగల్ మార్కెట్ల హమాలి. మనిషి ఎట్లుండెనంటె, ఇంట్లకు రావాల్నంటె దర్వాజ కాడ తల వంచేది, పక్కకు గూడ జర ఒంగేది. నన్ను ఒక భుజం మీద, ఉప్పు బస్తాను ఇంకో భుజం మీద పెట్టుకోని వాడంత తిరిగొచ్చేది. ఆయినొస్తె మిర్చి ఘాటు ముందల వచ్చేది, ఆయిన తర్వాత వచ్చేది. నేను తుమ్ముడు మొదలువెడ్తె "బాపొచ్చిండు, గిన్నెలు పెట్టుండ్రి" అనేది బాపమ్మ. చెయ్యికి ఎప్పుడు బస్తాలు గుంజే ఇనుప కొక్కెం ఉండేది. రాంగనె దాన్ని మేకుకు తగిలిచ్చి, నన్ను ఎత్తుకునేది.

ఒకనాడు మిర్చి బస్తాల నిట్టు కూలింది. బాపు కింద ఉన్నడు. నేనప్పుడు మూడో తరగతో నాలుగో తరగతో, సరిగ యాదికి లేదు. తోటి హమాలోళ్లు ఆయిన్ను బండి మీద ఏసుకోని దవాఖానకు ఉరికిండ్రు. మేం పొయ్యేసరికి లోపలికి తీస్కపోయిండ్రు. అమ్మ గోడకు ఆనుకోని కూసున్నది. బాపమ్మ మాత్రం వరండల అటు ఇటు తిరిగి, ఒక చప్రాసిని ఆపి, "బిడ్డా, మేడారం ఏ దిక్కయ్యా?" అని అడిగింది. ఆయిన ఏ తొందరల ఉన్నడో ఏమో, నీళ్ల ట్యాంకు దిక్కు చెయ్యి సూపిచ్చి పోయిండు. బాపమ్మ కొంగు తల మీద కప్పుకోని, ఆ ట్యాంకుకు మొఖం పెట్టి, అందరు ఇనంగ మొక్కింది. "తల్లీ సమ్మక్కా, నా కొడుకు ఎత్తు బంగారం నీ గద్దె మీద పెడ్త. నా కొడుకు కాడ ఉండు" అన్నది. అంతె. దండం పెట్టి కూసున్నది.

పక్కకు ఒక ములుగు దిక్కు ఆమె ఉన్నది, కోడలు కాన్పుకు వచ్చింది. "ఓ అవ్వా, మేడారం అటు కాదు, ఇటు. నువ్వు హైదరాబాద్ దిక్కు మొక్కినవ్" అన్నది. అంత దుఃఖంల గూడ ఇద్దరు ముగ్గురు మూతికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్విండ్రు. బాపమ్మ ఏం నారాజు కాలే. "సమ్మక్క గుట్టంత ఎక్కి దిగే మనిషి, హైదరాబాద్ దిక్కు మొక్కితె ఇనబడదా?" అన్నది.

బాపు బతకలే. రెండోనాటి పొద్దుగాలనె పోయిండు.

ఇగ ఆ ఇంట్ల ఒక లొల్లి మొదలైంది, బాపు లేడన్న దుఃఖం ఒక పక్క, ఈ లొల్లి ఒక పక్క. మొక్కినప్పుడు "బతికిస్తె" అనాలె. అందరు అంటరు. బతికిస్తె ఇస్త, గట్టెక్కిస్తె ఇస్త. బాపమ్మ ఆ మాట అనలే. వాడకట్టు ఆడోళ్లందరికి అదే ముచ్చట. "పాపం, ముసల్ది మరిసింది" అని కొందరు, "మరిసినా మొక్కు మొక్కే, ఇయ్యాల్సిందే" అని కొందరు, "మనిషే లేకపాయె, ఎవల్ని తూస్తరు?" అని కొందరు. అమ్మ అయితె ఒక్కటే మాట పట్టుకున్నది. "నీ నోట్ల బతికిస్తె అన్న మాట ఎందుకు రాలేదత్తా? ఆ ఒక్క మాట అంటె ఆయిన ఉంటుండె" అనేది. ఒక్కనాడు కాదు, అన్నం కాడ, పొయ్యి కాడ, బాయి కాడ. బాపమ్మ తల వంచుకోని తన పని తాను చేసుకునేది.

అమ్మ అదే మిర్చి యార్డుకు పనికి పోవుడు వెట్టింది, మిరపకాయల తొడిమెలు తీసే పని. సాయంత్రం వచ్చేసరికి చేతులు నిప్పులెక్క మండేటియి. ఆ చేతులు ఎవలు ముట్టుకున్నా ఊరుకోకపోయేది. మజ్జిగకు మంట తగ్గుతదని బాపమ్మ సల్ల గిన్నె తెచ్చి, అమ్మ ముంగట పెట్టి, ఆ చేతులు రెండు దాంట్ల ముంచి, ఒక్కొక్క వేలు తుడిసేది. అమ్మ మొఖం పక్కకు తిప్పుకోని, "బతికిస్తె అనరాలే నీకు" అనుకుంటనే చేతులు ఇచ్చేది. నేను దీపం ముంగట కూసోని సదువుకుంటాన అని చెప్పి ఈళ్లిద్దర్ని చూసేదాన్ని. నా సదువు అందుకే ఏడో తరగతి కాడ ఆగిందేమో.

ఏడాది దాటినంక జాతరొచ్చింది. మా వాడకెళ్లి బండ్లు కట్టుకోని పోతాండ్రు. బాపమ్మ మూట కట్టుకున్నది. "పిల్లను గూడ తీస్కపోత. దాని తండ్రి మొక్కు, దాని నెత్తి మీద పెట్టుకోని రావాలె" అన్నది. ఇగ చూడుండ్రి, అమ్మ ఎన్నడు అట్ల అరవంగ నేను చూడలే.

"నీ కొడుకును ఇయ్యమంటె తీస్కపోయింది. ఇంక ఆమెకు బెల్లం గూడ కావాల్నా? ఉన్నది ఒక్క పిల్ల, దీన్ని గూడ ఆమె ముంగట నిలవెట్టనా? ఈ ఇంట్లకెళ్లి బెల్లం ముద్ద బయటికి పోతె నేను ఉండ!"

నేను బండి ఎక్కుదామని కొత్త లాగు, గౌను ఏసుకోని తయారైన. దర్వాజ కాడ ఒక కాలు లోపల, ఒక కాలు బయట. బాపమ్మ నా దిక్కు చూసింది, అమ్మ దిక్కు చూసింది. మూట ఇప్పి, బెల్లం కోసం పెట్టుకున్న సంచి తీసి, మడిసి, అమ్మ చేతికే ఇచ్చింది. "సరె పిల్లా. బెల్లం వద్దు, పిల్ల వద్దు. నేనొక్కదాన్ని పోతె పోనిస్తవా?" అన్నది. అమ్మ సంచి పట్టుకోని పక్కకు జరిగింది. బాపమ్మ ఉత్త చేతులతోటి పోయి బండెక్కింది. అందరి నెత్తుల మీద బంగారం, ఆమె నెత్తి మీద కొంగు. బండి మూల మలిగేదాంక నేను చూసిన. ఇప్పటికి గూడ జాతర బండ్లు, బస్సులు పోతాంటె నాకు ఆ ఉత్త చేతులే కండ్లల్ల మెదుల్తయి.

వచ్చినంక, నాకు నెత్తికి నూనె రాసుకుంట కూసున్నది. నేను ఊరుకోను గదా, వాగుడుకాయను. "బాపమ్మా, ఏమడిగినవ్?" అన్న.

"ఏం అడుగలే. సమ్మక్క కొడుకు గూడ లడాయిల వాగుల పడి పోయిండు. నేను ఆమెకు చెప్పేదేమున్నది? ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూసిన."

"చూసుడేంది? అక్కడ బొమ్మ గూడ ఉండదట గదా, ఉత్త వెదురు కర్రనట గదా?"

"కర్రనే." నా జుట్టు గట్టిగ గుంజి చిక్కు తీసింది. "ఈ ఇంట్ల మీ బాపు ఉన్నడా లేడా?"

నేను గోడకు చూసిన. మేకుకు కొక్కెం ఉన్నది. దాని కింద గోడ మీద ఆయిన నెత్తి ఆనిన నూనె మరక ఉన్నది.

"ఉన్నడు" అన్న.

"గట్లనే ఆమె గూడ" అన్నది.

అప్పుడడిగిన. "మరి బతికిస్తె అని ఎందుకనలే? మరిసినవా?"

బాపమ్మ చెయ్యి ఆగింది. "మరువలే బిడ్డా. నోటి దాంక వచ్చింది. బతికిస్తెనే అంటె, బతికియ్యకపోతె ఇగ ఆమె లేనట్టె గదా. కొడుకు లేకుంట ఎట్లనో బతుకుత. ఆమె గూడ లేకపోతె నేనెట్ల బతకాలె?"

నా కడుపుల మాట ఆగదు. సగం జడతోటే ఉరికి పోయి అమ్మకు చెప్పిన. అమ్మ చాటల బియ్యం చెరుగుతాంది. చెరుగుడు ఆగలే. కాని ఆనాటి సంది "బతికిస్తె అనరాలే" అన్న మాట ఆ ఇంట్ల మల్ల ఇనలే. సల్ల గిన్నె వచ్చేది, చేతులు వచ్చేటియి. గద్దె కాడికెళ్లి తెచ్చిన బంగారం ముక్క బాపమ్మ అమ్మ కోసం గూట్ల మూత కింద పెట్టింది. అమ్మ తినలే, పారెయ్యలే. ఎండకాలం వచ్చేసరికి చీమలు తిన్నయి.

తర్వాతి జాతరకు అమ్మ పంపుతుండెనేమో. ఎందుకంటె ఆ వానకాలంల ఒకసారి, "మీ బాపమ్మకు బండిల నడుం నొస్తది, బస్సు వేస్తాండ్రట" అన్నది నాతోని, ఊకెనే అన్నట్టు. బాపమ్మతోని ఆ మాట అనలే. అందామనుకున్నదేమో, రేపు మాపు అనుకున్నదేమో. జాతరకు ముందటి చలికాలంల బాపమ్మ పోయింది. జరం గిరం ఏం లేదు, పొద్దుగాల లేవలే. సల్ల గిన్నె కడిగి బోర్లిచ్చి పెట్టే ఉన్నది.

నా పెండ్లయి వర్ధన్నపేటకు పోయిన. జాతరలు వచ్చుడు పోవుడు. అమ్మ ఎన్నడు ఆ ముచ్చట తియ్యలే, నేను తీస్తె లేచి పోయేది. ఈసారి నేను బిడ్డను తీస్కోని తల్లిగారింటికి వచ్చిన. అమ్మ బియ్యంల రాళ్లు ఏరుకుంట ఏరుకుంట, తల ఎత్తకుంట, "రేపు సేటు కాడికి పోదం. మీ బాపు మొక్కు ఉన్నది" అన్నది. "ఎందుకే, ఇన్నేండ్లకు ఏమైంది?" అన్న. "అడుగకు" అన్నది. అడుగలే. వాగుడుకాయనైనా కొన్ని తెలుస్తయి.

అట్ల వచ్చి కూసున్నది కాంట మీద. అమ్మ బక్క పానం, ఒక్కతి కూసుంటె బాపుల సగం గూడ ఉండది. అందుకే నా బిడ్డను ఒళ్లె పెట్టుకున్నది. కాంట నిలవడ్డది అనుకునేసరికి, బాపుతోని జోడిగ బస్తాలు మోసిన హమాలి చిన్నాయిన అటు వచ్చిండు. ముసలోడైండు, నడుం ఒంగింది. సంగతి తెలిసినంక కాంటను చూసి తల ఊపిండు.

"వదినె, అన్న గింత తక్కువ కాదు."

"నాకు తెల్వదా?" అన్నది అమ్మ. సంచిలకెళ్లి బాపు కొక్కెం తీసింది. అది మేకు మీద లేదన్న సంగతి నేను పొద్దున చూడనే లేదు. దాన్ని ఒళ్లె పెట్టుకున్నది. అమ్మ పల్లెం జర కిందికి వచ్చింది. సేటు ఇటు ఇంకో ముద్ద పెట్టిండు. ముల్లు నిలవడ్డది.

"ముసల్దుంటె," అన్నది అమ్మ, కొక్కెం దిక్కు చూసుకుంట, "ఇంకొక్క ముద్ద వెయ్ సేటూ, నా కొడుకు అన్నం ఎక్కువ తింటుండె అనేది."

చిన్నాయిన నవ్వబోయి ఊరుకున్నడు. సేటు ఇంకో ముద్ద పెట్టిండు.

"అయిపోయింది, దిగక్కా."

"జరసేపు" అన్నది అమ్మ. బిడ్డ నా మీదికి దుంకింది, ఎత్తుకున్న. అమ్మ దిక్కు బరువు తగ్గి పల్లెం పైకి లేసింది. అమ్మ ఆ కొక్కెం పట్టుకోని, గాలిల, ఒక్కతే కూసున్నది. వెనుక మిర్చి బండ్లోళ్లు "తొవ్వ ఇడువుండ్రి" అని ఒర్రుతనే ఉన్నరు.

జాతర రెండేండ్లకోసారి తప్పకుంట మల్ల వస్తది, మనుషులే రారు. తెల్లారి పొద్దుగాల అమ్మ బెల్లం సంచులు లెక్క చూసుకుంటాంటె, నేను బిడ్డను సంకనేసుకోని ఇంటి ముంగట నిలవడ్డ. మా ఇంటి కాడికెళ్లి దవాఖాన నీళ్ల ట్యాంకు ఇప్పటికి కనవడ్తది. మేడారం అటు కాదని నాకు తెలుసు, ఎట్లైనా బస్సెక్కి ఇటే పోతానం. అయినా కొంగు తల మీద కప్పుకోని, ముందల ఆ ట్యాంకుకు దండం పెట్టిన.