ముందు కుర్చీలో మనిషి

ఆయన మెడలో రెండో దండ పడుతుంటే మేం స్టేజీ పక్కన కాళ్లకి గజ్జెలు కట్టుకుంటున్నాం. మా అత్త నా నడుం గుడ్డ బిగిస్తూ మెల్లగా అంది.

"ఓలమ్మీ, ఈ బాబు మీద ఈ పూటకి జోకులెయ్యకే. రేపు నిన్ను హైదరాబాద్ తీసికెల్తానన్నాడు కదేటి."

అన్నాడు నిజమే. టీవీ నాటికలో వేషం ఇప్పిస్తానని, పోనుపోను రాయడం కూడా నేర్పిస్తానని మాటిచ్చాడు. బడి మధ్యలో మానేసి, అత్త చెప్పే బుర్రకథలో పక్కన నిలబడి గుమ్మెట వాయిస్తూ హాస్యం చెప్పే వంతని నేను. నాకు అంతకంటే పెద్ద మాట ఎవరిస్తారు? బట్టలు కూడా సర్దేసుకున్నాను.

ఆయన ఒకప్పుడు పోర్టులో గుమాస్తా. గుమ్మెట నేర్చుకుంటానని మా అత్త దగ్గరికి వచ్చి, వేళ్లు నొప్పెడుతున్నాయని మానేశాడు. తర్వాత హైదరాబాద్ వెళ్లి, జుట్టు పెంచి, లాల్చీ తొడిగి, జానపద కళాకారుడైపోయాడు. టీవీలో గుమ్మెటని ఆయన పట్టుకున్న తీరు చూస్తే, ఎవరి బిడ్డనో ఎత్తుకుని, ఎక్కడ తడిపేస్తుందోనని బెదురుతున్నట్టు ఉండేది. పాటలతో లాభం లేదని హాస్య నాటికలు రాయడం మొదలెట్టాడు. పేరొచ్చింది. ఆ పేరుకే గాజువాకలో ఈ సన్మానం.

టీవీలు వచ్చిన కొత్తలో స్టీల్ ప్లాంటు ఉద్యోగి ఒకాయన ఇంట్లో వీధంతా కూర్చుని ఆ నాటికలు చూసేవాళ్లం. వాటిలో ఆఫీసరూ, ఆయన భార్యా పుస్తకం చదివినట్టు మాట్లాడేవారు. అంట్లు తోమే మనిషి వచ్చి "నానేటి సెయ్యాలమ్మగారూ" అనగానే అందరూ నవ్వాలి. దొంగ వచ్చినా మా మాటే మాట్లాడేవాడు. లంచం తినే గుమాస్తా మాత్రం ఒక్క నాటికలోనూ కనపడలేదు. అన్నేళ్లు పోర్టులో చేసొచ్చిన మనిషికి ఆ ఒక్క పాత్రే తట్టలేదు పాపం.

ఆ ఇంట్లో అంట్లు తోమే అప్ప గుమ్మం దగ్గర నిలబడి చూసేది. ఒకసారి నన్నడిగింది, "నాను మాటాడితే అంత నవ్వొస్తాదేటే?" అని.

మా కథలో హాస్యానికి ఒక పద్ధతుంది. కథ పెట్టించినవాళ్లనీ, ముందు కుర్చీలో కూర్చున్నవాళ్లనీ ఆటపట్టించాలి. చాప మీద కూర్చున్నవాళ్ల జోలికి పోకూడదు. ఎంత పెద్దమనిషైనా ఆ పూటకి నవ్వి ఊరుకోవాల్సిందే. ఆటోనగర్‌లో ఓ షెడ్డు యజమాని తన బొజ్జ మీద నేనేసిన జోకుకి తనే ముందు చప్పట్లు కొట్టాడు. ఆ మాత్రం దమ్ము ఉండాలి మనిషికి.

దండలయ్యాక ఈయన మైకు అందుకున్నాడు. "మన యాసలో ఒక అమాయకత్వం ఉంది. దాన్ని రాష్ట్రమంతటికీ నేనే పరిచయం చేశాను" అన్నాడు. తర్వాత నన్ను వేలు పెట్టి చూపించాడు. "ఈ అమ్మాయికి పనిమనిషి పాత్ర రాశాను. ఏమీ నేర్పక్కర్లేదు. నోరు తెరిస్తే చాలు, జనం నవ్వుతారు."

నా వేషం ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఆయన దిగివెళ్లి ముందు కుర్చీలో కూర్చున్నాడు, కాలు మీద కాలేసుకుని.

కథ మొదలైంది. సగంలో అత్త తంబుర ఆపి నా వైపు చూసింది. హాస్యం అందుకోమని అది నాకు సైగ. ఆపకుండా దాటేసి ఉంటే నేనూ ఊరుకునేదాన్నేమో. ఆపింది.

"అత్తా, ఆ ముందు కుర్సీలో బాబు ఎవులు?" అన్నాను.

"పెద్ద రైటరే. నవ్వులు రాత్తాడు."

"ఎవుల్ని సూసి నవ్వాల?"

"అంట్లు తోమినోల్లని సూసి."

"మరి ఆ కంచాలు ఎంగిలి సేసినోల్ల మీద రాయడేటి?"

అత్త తంబుర మీద ఒక్కసారి మీటి, తాపీగా అంది. "ఆల్లు దండలేత్తారే గుంటా."

చాపలు గొల్లుమన్నాయి. దండలేసినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఊరందరికీ నవ్వులు అమ్ముకునే మనిషి దగ్గర సొంతానికి ఒక్కటీ మిగల్లేదు.

కథ అవగానే స్టేజీ వెనక్కి వచ్చాడు. "చూడమ్మా, హాస్యానికి సంస్కారం ముఖ్యం..." అని హైదరాబాద్ గొంతుతోనే మొదలెట్టాడు. నేను గజ్జెలు విప్పుకుంటూ ఉండిపోయేసరికి ఆయనకి కోపం నెత్తికెక్కి మా యాసలోకి దిగిపోయాడు.

"ఏటే, ఏటనుకుంతన్నావు నన్ను? నీకు రైలూ నేదు, టీవీ నేదు. ఈ సాపల కాడే సావు."

"ఈ ముక్క టీవీలో ఆఫీసరు సేత అనిపించండి బాబూ, బాగుంటాది" అన్నాను.

లాల్చీ దులుపుకుని వెళ్లిపోయాడు. వెళ్లాక మాత్రం ఇంక రాయడం నేర్పేవాళ్లెవరూ రారని అనిపించింది.

"ఏడుత్తన్నావేటే?" అంది అత్త.

"నేదు."

"వొద్దన్నాను కదేటే మరి."

"తంబుర ఎందుకాపీసినావు మరి?"

అత్త నా చేతిలో గజ్జెలు తీసుకుని మూట కట్టింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి నేనొక్కదాన్నే పెందుర్తి వెళ్లాను. ఆ వారం అక్కడ మా కథ ఉంది. టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, కథ పెట్టిస్తున్న పెద్దమనిషి ఎలా నడుస్తాడు, ఎవరికి భయపడతాడు, మాటకి ముందు దగ్గుతాడా, తర్వాత దగ్గుతాడా అని కొట్టాయన్ని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను.