సిగరెట్ రేకు చుట్టిన ఫ్యూజు

నేను యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ల్యాబ్ చూస్తాను. మావారు చరిత్ర చెబుతారు. ఆయనకు డ్రైవింగ్ రాదు. ఒక వానాకాలం సాయంత్రం ఇద్దరం కారులో తార్నాక బయలుదేరితే, క్యాంపస్ గేటు దాటకముందే వైపర్లు ఆగిపోయాయి.

చెట్టు కింద నిలబడ్డ ఒకాయన వచ్చి, స్టీరింగ్ పట్టుకున్న నన్ను వదిలేసి, "ఏమైంది సార్?" అని మావారిని అడిగాడు.

"ఫ్యూజు పోయింది. స్పేరుది ఫ్యూజు పెట్టె మూతలోనే ఉంది" అన్నాను నేను.

"మీరు కూసోండి మేడం, తడుస్తరు" అంటూ బానెట్ ఎత్తి, నేను వద్దంటున్నా వినకుండా, మాడిన ఫ్యూజుకే సిగరెట్ పెట్టెలోని వెండి రేకు చుట్టి బిగించాడు. "ఇప్పుడు వెయ్యండి సార్."

మావారు చెయ్యి చాచి వైపర్ స్విచ్ వేశారు. బానెట్ కింద నుంచి గుప్పున పొగ.

నేను ఇంజిన్ ఆపి, దిగి, ఆ రేకు పీకేశాను. వైపర్ కింద ఇరుక్కుని ఫ్యూజు పోగొట్టిన కొమ్మను లాగి, స్పేరు ఫ్యూజు పెట్టాను. వైపర్లు తిరిగాయి.

"మంచిగైంది సార్" అన్నాడాయన.

"థాంక్సండీ, సమయానికి వచ్చారు" అన్నారు మావారు.

పొగ అప్పుడే ఆగిపోయింది. ఆ థాంక్స్ తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.